కొర్రమీను ఎలా బతికింది?

కాస్త పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి.

మేము రంపచోడవరం ఏజెన్సీ నుంచి డిగ్రీకి వచ్చి ఒకే హాస్టల్లో ఉంటున్న ముగ్గురం. మా మూడిళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మేము తొమ్మిదిలో ఉండగా, ఉపాధి హామీలో తవ్విన కుంటలో ఊరంతా కలిసి చేపపిల్లలు వేశారు. బొచ్చె, శీలావతి, మోసు. బొచ్చె పైనీళ్లలో తింటది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. తిండికి పోటీ ఉండదని అట్లా కలిపి వేస్తారు. ఇది మా సైన్సు పుస్తకంలోనే ఉంది. అదే పుస్తకంలో ఇంకో పాఠం పదార్థం గురించి: కణాల మధ్య ఖాళీ ఉంటుంది, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఆ ఖాళీల్లోనే ఉంటుంది. బట్టీ కొట్టి రాశాం, మార్కులు పడ్డాయి. అంతే.

దసరా సెలవులకి ఇంటికొచ్చాం. పేడ వేస్తే నీళ్లు పచ్చబడి చేపకి మేత అవుతుందని విన్నాం. ఇంకేం, గంపలు గంపలు మోసి పోశాం. నీళ్లు చిక్కగా పచ్చబడ్డాయి. తర్వాత మూడు రోజులు ముసురు. మూడో రోజు పొద్దున్నే చేపలు నోళ్లు పైకి పెట్టి తెరుస్తా మూస్తా ఉన్నాయి. ఆకలేమో అనుకుని ఇంకో గంప వేశాం! మర్నాడు తెల్లారేసరికి అన్నీ తేలాయి.

కాయలు దంచి వాగులో చేపలకి మందు పెట్టడం మనోళ్లకి కొత్త కాదు గదా. కుంట పక్క పొలం మామకీ ఊరికీ అప్పటికే మాట తేడా ఉంది. ఆయనే పెట్టాడన్నారు. "మందయితే కొర్రమీను ఎలా బతికింది?" అని మామ ఒక్కటే అడిగాడు. వాగు నుంచి వచ్చి చేరిన కొర్రమీను నిజంగానే బతికే ఉంది. ఎవరూ వినలేదు. 2 వేలు తప్పు కట్టించారు. మేము అక్కడే నిలబడి ఉన్నాం.

డిగ్రీ రెండో ఏడు ప్రాక్టికల్లో చెరువు నీళ్లు సీసాలో పట్టి మందులు కలిపాం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల నీళ్లు లీటరుకి పట్టుకునేది దాదాపు ఏడున్నరే. వెచ్చబడిన సోడాలో గ్యాసు నిలవనట్టే, నీళ్లు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుద్ది. నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. ముసురులో ఇచ్చేది తక్కువ. కుళ్లే పేడ మిగిలింది లాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున చస్తాయి. కొర్రమీను పైకొచ్చి గాలి మింగి బతుకుద్ది.

సీసాలో మడ్డి దిగుతుంటే మేము ముగ్గురం ఒకళ్ల మొఖం ఒకళ్లం చూసుకున్నాం.

మొన్న సంక్రాంతికి మామ ఇంటికి పోయి పేడ సంగతి చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది నాకెందుకు చెప్తారు, ఊళ్లో చెప్పండి" అన్నాడు. పెద్దలకి చెప్పాం. అయిపోయిన పంచాయితీ మళ్లీ తవ్వొద్దన్నారు. వేసవి సెలవుల్లో ఆ నీళ్ల సీసాలు, మందులు పట్టుకుని మళ్లీ పోతున్నాం. మీ ఊళ్లో ఇట్లా ఎవరి మీదైనా తప్పు పడి ఉంటే కింద రాయండి.