మా మోతీ

మీ ఇంట్లో కుక్క ఉందా? అయితే నా అనుభవం వినండి. మేము బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో, ఇంద్రావతి నది దగ్గర ఉంటాం. మా మోతీ వేటకుక్కకూ ఊరకుక్కకూ పుట్టింది. పొడుగు కాళ్లు, సన్నని నడుము. వాసన తగిలితే పిలిచినా వినదు. మోతీ అంటే ముత్యం. తిరిగేది మాత్రం బురదలోనే! కోళ్ల వెంట పడుతోందని రోజంతా గొలుసుతో కట్టేసేవాణ్ణి.

ఒకరోజు అది అన్నం తింటుంటే గిన్నె జరపబోయాను. చెయ్యి కరిచింది. "తరిమెయ్యండి" అన్నారు ఇరుగుపొరుగువారు. నేను ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగాను. పసుపు, కారం పెట్టలేదు. మోతీకి ఏటా టీకా వేయిస్తున్నా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాను. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం చాలా అరుదు. పూర్వంలా బొడ్డు చుట్టూ సూదులు లేవు, చేతికే వేశారు. మోతీని 10 రోజులు గమనించాం. దానికేమీ కాలేదు.

తప్పు నాదే. తినే కుక్క జోలికి వెళ్లకూడదు. పరుగుకు పుట్టిన జంతువును కదలకుండా కట్టేస్తే చిరాకు పడదా? ఇప్పుడు రెండు పూటలా పొడుగు తాడుతో నది ఒడ్డుకు తీసుకెళ్తున్నాను. కోడి కనబడితే మాత్రం నా భుజం ఊడినంత పని చేస్తుంది.