జిద్దా ఎంత దూరం?



మొన్న మా గల్లీ పిల్లోడొకడు వచ్చాడు. వాళ్ల దాదీ ఉమ్రాకు పోతోందట. "చాచా, శంషాబాద్ నుంచి జిద్దా ఎంత దూరం? ఎన్ని గంటలు?" అని అడిగాడు.

ఈ సవాల్‌కు జవాబు నాకు నోటికొచ్చు. దాదాపు 4,100 కిలోమీటర్లు. నేరుగా పోయే జహాజ్‌కు ఐదున్నర నుంచి ఆరు గంటలు. చలికాలంలో తిరిగొచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి నెడుతుంది కాబట్టి ఇంకా తక్కువ. "గడియారాన్ని మాత్రం నమ్మకు బేటా. వాళ్ల టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9కి ఎక్కి ఐదున్నర గంటలు ప్రయాణిస్తే, దిగేసరికి అక్కడ 12 అవుతుంది. మీఖాత్ గాల్లోనే దాటుతారు, దాదీని ముందే నియ్యత్ చేసుకోమను" అన్నాను.

వాడు ఖుషీగా వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను.

ఈ లెక్క నాకు 2014లో ఒక జుమా రోజు కంఠస్థమైంది. ఆ రోజు ఫజర్ తర్వాత అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. తమ్ముడు జిద్దాలో డ్రైవర్. ఫోన్ చేస్తే వాడికింకా తెల్లారలేదు. కాసేపు ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ఒక్కటే మాట: "భాయ్‌జాన్, అబ్బాకు జరా రోకో. మై ఆతూఁ."

నేను కాగితం మీద లెక్కేశాను. ఆరు గంటల ప్రయాణం. పొద్దున పదికి ఎక్కినా సాయంత్రం నాలుగుకి శంషాబాద్. అసర్‌కు అందుకుంటాడు. లెక్క కుదిరింది.

లెక్కలో లేనివి రెండు. వాడి పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంది. బయటికి రావాలంటే కఫీల్ ఇజాజత్‌తో వీసా వేయించాలి. అక్కడ జుమా, శనివారం సెలవు. కఫీల్ ఫోన్ ఎత్తలేదు.

మొహల్లా పెద్దలు మెల్లగా అన్నారు: "మయ్యత్‌ను ఆపొద్దు బేటా." వాళ్లది తప్పు కాదు. గుసుల్ అయింది, కఫన్ అయింది. అసర్ తర్వాత జనాజా లేచింది. ఖబర్ దగ్గర నేను ఫోన్ స్పీకర్ ఆన్ చేసి పట్టుకున్నాను. మూడు పిడికెళ్ల మట్టి వాడి తరఫున కూడా నేనే వేశాను.

నలభై రెండు రోజులకు వాడొచ్చాడు. సామాను ఇంటికి పంపించి, తను ఖబరస్తాన్‌కు నడిచాడు.

మా నానా బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు పోయారు. ఆ ఓడలు 1995లో ఆగిపోయాయి. అప్పుడు దూరం అంటే సముందర్. ఇప్పుడు సముందర్ మీదుగా ఆరు గంటల్లో ఎగిరిపోతాం. కానీ ఒక సంతకం దాటడానికి మా తమ్ముడికి నలభై రెండు రోజులు పట్టింది.

వాడింకా అక్కడే ఉన్నాడు. మనం ఇక్కడ పడమర తిరిగి నమాజ్ చదువుతాం. జిద్దా మక్కాకు పడమరన ఉంది కాబట్టి వాడు తూర్పు తిరిగి చదువుతాడు. అంటే ముసల్లా మీద నిలబడినప్పుడు మేమిద్దరం ఎదురెదురే, మధ్యలో కాబా. అబ్బా కోసం దువాకు చేతులెత్తినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఆ పిల్లోడికి ఇదంతా చెప్పలేదు. వాళ్ల దాదీ సఫర్ అల్లాహ్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.