గుర్రం కుంటితే

సోలారు పార్కుకు 13,000 ఎకరాలు కౌలుకు పోయాక మా తిరుమణి వైపు దున్నే ఎద్దులే తగ్గిపోయాయి. ఇక గుర్రాల మాట చెప్పేదేముంది? అయినా పెండ్లి మెరవణికని ఒక గుర్రాన్ని సాకేవాడు మా వీధిలో ఉన్నాడు. కుణిగల్ అశ్వశాల ఉన్న జిల్లా మాది. అక్కడి గుర్రాలకు డాక్టర్లున్నారు. ఈ పెండ్లిగుర్రానికి మాత్రం ఊళ్లోవాళ్లందరూ వైద్యులే.

గుర్రపు ముందుకాలికి మనం మోకాలనేది నిజానికి మన మణికట్టు వంటిది. వెనకకాలి మధ్యకీలు మన చీలమండ. గిట్టకు పైనున్న కీలు మన వేలి మొదటి కణుపు. అంటే అంత జంతువూ ఒక్కొక్క వేలిగోటి మీద నిలబడుతున్నదన్న మాట! బరువులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే పడుతుంది.

ఏ కాలు నొస్తున్నదో తెలియాలంటే గట్టినేల మీద కాస్త జోరుగా నడిపించి తలవైపు చూడాలి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకానినప్పుడు తల పైకెత్తుతుంది, మంచికాలు ఆనినప్పుడు దించుతుంది. తెలియనివాళ్లు తల దించినప్పటి కాలినే పట్టుకొని తైలం రుద్దుతారు, పాపం! గిట్టలో మేకో రాయో ఉన్నదేమో మొదట చూసి, ఆపైన రెండు కాళ్లనూ తడిమి, వేడినీ వాపునూ పోల్చుకోవాలి.

ఉత్త బెణుకైతే పని మాన్పించి, మొదటి రెండురోజులూ పూటపూటా ఇరవై నిమిషాలు చన్నీళ్లు పోయాలి. దూది పరిచి, బిగించకుండా సమంగా పట్టీ కట్టాలి. వాతలు ఎన్నడూ వద్దు. వాత పెట్టాక కుదురుకున్నదంటే అది ఆ తర్వాత ఇచ్చిన విశ్రాంతి చలవేనని నా నమ్మకం.

మొన్నటి మాఘంలో ఆ గుర్రానికి గిట్టపై కీలు పక్కన జాలిముల్లు దిగింది. గాయం శనగగింజంత. “నాలుగు వాతలేస్తే సరిపోతాది సామీ” అన్నాడు యజమాని. కాని ఆ రంధ్రంలోంచి పసుప్పచ్చని నీరు జిగురుగా, తీగసాగుతూ కారుతున్నది. అది కీలులోపలి నీరు. అది బయటికొచ్చిందంటే కీలు తెరుచుకున్నట్టే; చీముపడితే కాలు దక్కదు, ఒక్కోసారి ప్రాణమూ దక్కదు. పుల్లతో కెలకవద్దనీ, పసుపు కూరవద్దనీ చెప్పి, ఉతికిన గుడ్డ కట్టించి, 1962 కు ఫోను చేశాము. వచ్చిన డాక్టరు ముందుగా ధనుర్వాతపు సూది వేశాడు. ఆ జబ్బు గుర్రాలకు ఇట్టే పట్టుకుంటుంది. ఆ రాత్రే వ్యానులో బెంగళూరికి తరలించాము. అక్కడ మత్తిచ్చి, కీలు లోపలంతా రెండుమార్లు కడిగారు.

రెండునెలలు కట్టేసి ఉంచి, తర్వాత రోజుకు పదినిమిషాలు మెల్లగా నడిపించమన్నారు. పెండ్లిళ్లకని తీసుకున్న బయానాలన్నీ యజమాని తిరిగి ఇచ్చేశాడు, గొణుక్కుంటూనే. ఉగాది దాటాక ఊరిబయట దారిలో దాన్ని నడిపిస్తుంటే నేనూ పక్కనే నడిచాను, కళ్లు దాని తలమీదే పెట్టి. తల ఊగలేదు.