ఎడమచేతి లెక్క

మన సంప్రదాయంలో ఎడమచేతికి గౌరవం తక్కువ. పెద్దలకు ఏదైనా అందించేటప్పుడు దానిని వెనుకకు తీసుకుంటాము. ప్రసాదం పుచ్చుకునేటప్పుడు అది కుడిచేతికి ఆధారంగా మాత్రమే నిలుస్తుంది. పిల్లవాడు బలపాన్ని ఆ చేతిలోకి తీసుకుంటే వెంటనే సరిదిద్దుతాము. కాని మోటారు సైకిలు నిర్మించినవారు ఈ తారతమ్యం పాటించలేదు. కుడిచేతికి వేగాన్నీ, ముందు బ్రేకునూ అప్పగించి, ఎడమచేతికి క్లచ్చిని అప్పగించారు. ఆగిన బండిని కదిలించాలన్నా, గేరు మార్చాలన్నా, ఇంజను ఆగిపోకుండా బండిని నిలపాలన్నా ఎడమచేతి అనుమతి కావాలి. ఈ సంగతి సూరత్‌లోని నవాగామ్‌లో నివసించే ఒక సాంచాల మేస్త్రీకి నలభై ఆరవ ఏట, ఆ చేయి విరిగిన తరువాత గాని పూర్తిగా బోధపడలేదు.

నవాగామ్ సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ఉధనా, లింబాయత్, డిండోలి పేటల పరిసరాలలో ఉన్న శ్రామికుల వాడ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకున్న పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు వలస వెళ్ళిన సంగతి తెలిసినదే. చేతిమగ్గం అన్నం పెట్టలేనప్పుడు మరమగ్గం పిలిచింది. సిరిసిల్లలో వలెనే ఇక్కడి తెలుగువారు కూడా మరమగ్గాలను సాంచాలనే అంటారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులో బోధించే ప్రాథమిక పాఠశాలలను కూడా నడుపుతున్నదంటే, తాపీ నది ఒడ్డున తెలుగు ఎంతగా వేరూనుకున్నదో ఊహించవచ్చు.

ఆ మేస్త్రీ చదువు అటువంటి ఒక పాఠశాలలోనే మొదలైంది. ఇప్పుడు ఆయన పని ఆగిన సాంచాలను నడిపించడం. ఉధనాలో రెండు, భేస్తాన్‌లో ఒకటి, పాండేసరాలో ఒకటి, మొత్తం నాలుగు కార్ఖానాలు ఆయన మీద ఆధారపడి ఉండేవి. ఎక్కడ యంత్రం మొరాయించినా అరగంటలో అక్కడ ఉండాలి. నెల జీతం లేదు. చేసిన పనికి కూలి. కాబట్టి పనిముట్ల సంచీ ఎంత అవసరమో, ఆయనకు మోటారు సైకిలు కూడా అంత అవసరం.

జూలై వానలలో ఒక సాయంకాలం, నూనె పేరుకున్న తడి రోడ్డు మీద ముందు చక్రం జారింది. పడబోయే మనిషి చేయి చాచడం ప్రకృతి ధర్మం. ఆయన ఎడమచేయి చాచాడు. శరీరపు బరువంతా అరచేతి మీద పడి, మణికట్టుకు కొంచెం పైన ఎముక విరిగింది. ఈ విధమైన విరుగుడును 1814లో అబ్రహాం కాలిస్ అనే ఐర్లండు శస్త్రవైద్యుడు వర్ణించాడు. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నది 1895లో. అంటే, లోపలి ఎముకను కంటితో చూసే సాధనం పుట్టకముందే ఆ వైద్యుడు చేయి పైకి కనిపించే వంకరను బట్టి విషయం గ్రహించాడన్నమాట. నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

ఆరు వారాలు పిండికట్టు ఉంచాలన్నారు వైద్యులు. ఊరిలోని తల్లి ఫోనులో, "బొక్క ఇరిగితే పసరుకట్టు గట్టిచ్చుకోవాలె గని, ఈ సున్నపు కట్టేందిర కొడుకా?" అని వాపోయింది. నాటుకట్టు మీద మన ప్రజలకున్న విశ్వాసం చిన్నది కాదు. చిత్తూరు సీమలోని పుత్తూరు, పసరు ఆకు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో వేసే కట్టు వలన దేశమంతటా పేరు పొందింది. అయితే పసరుకట్టయినా, 1850 ప్రాంతంలో మాథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు వాడుకలోకి తెచ్చిన పిండికట్టయినా చేసే పని ఒక్కటే: విరిగిన ముక్కలను కదలకుండా ఉంచడం. అతికే పని శరీరానిది. విరిగిన చోట మొదట మెత్తని కణజాలం ఏర్పడుతుంది. వారాలు గడిచే కొద్దీ అది గట్టిపడి ఎముకగా మారుతుంది. ఆ కొత్త ఎముక తన తుది రూపం సంతరించుకోవడానికి నెలలు పడుతుంది.

కట్టు విప్పిన నాడు మేస్త్రీ తన చేతిని తానే గుర్తు పట్టలేదు. చర్మం పొరలుగా రాలుతున్నది. ముంజేయి సన్నబడింది. మణికట్టు పైకీ క్రిందికీ వంగనంటున్నది. ఎముక అతికినట్లు ఎక్స్‌రే చెప్పింది. కాని ఆరు వారాలు పని లేక పడి ఉన్న కండరాలలో సత్తువ లేదని ఎక్స్‌రే చెప్పదు. గోరువెచ్చని నీటిలో చేయి ఉంచి వ్రేళ్ళు ముడిచి తెరవమనీ, స్పాంజి బంతిని పిసకమనీ, బండి సంగతి కొన్నాళ్ళు మరచిపొమ్మనీ చెప్పి పంపారు.

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? పడుగులో పోగులు లెక్కపెట్టి బ్రతికిన మనిషికి లెక్కలేని మాట మింగుడు పడలేదు.

అప్పటికి బావమరది ప్రతి ఉదయం, "బావా, నా వెనక కూసో, నేను దింపుత" అని ఆయనను తన బండి మీద ఉధనాకు తీసుకుని వెళుతున్నాడు. వెనుక కూర్చున్నవానికి చేయవలసిన పని ఉండదు. ఒకనాడు మేస్త్రీ, బావమరది ఎడమచేయి క్లచ్చి ఎన్నిసార్లు పట్టి వదులుతున్నదో లెక్క పెట్టసాగాడు. వాడ నుండి పెద్ద రోడ్డుకు చేరేసరికే ఇరవై ఆరు. ఉధనాలోని కార్ఖానా ముందు దిగేసరికి నూట పద్దెనిమిది. సాయంకాలం రద్దీలో తిరుగు ప్రయాణానికి నూట ముప్పై ఒకటి. నాలుగు కార్ఖానాలు తిరిగే రోజున ఈ సంఖ్య ఐదు వందలకు చేరుతుందని ఆయన అంచనా వేశాడు.

ఆ రాత్రి ఇంటి ముందు తన బండిని నడిమి స్టాండు మీద నిలిపి, ఇంజను నడపకుండానే క్లచ్చి పట్టి చూశాడు. ఏడవసారికి మణికట్టులో సూది గ్రుచ్చినట్లయింది. లోపలికి వచ్చి, తెలుగు క్యాలెండరులో పాల లెక్క ప్రక్కన '7' అని వ్రాశాడు.

ఆయన భార్య ఇంటి వద్దనే చీరలకు రాళ్ళు అంటించి కుటుంబానికి చేదోడుగా ఉంటున్నది. ఆ నెలలలో చేదోడు కాస్తా ఆధారమైంది. రాత్రి పదకొండు వరకు దీపం క్రింద కూర్చుని ఆమె రాళ్ళు అంటిస్తుంటే, ఆయన ప్రక్కన కూర్చుని బంతి పిసికేవాడు. బంతి పిసికితే పూట గడవదని, ఆమె రొట్టెల పిండి ముద్ద ఆయన ముందు పెట్టింది. ఇరవై ఏళ్ళ సంసారంలో పిండి ముట్టని మనిషి ఎడమచేత్తో పిండి పిసుకుతుంటే పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. క్యాలెండరు మీద 12 వచ్చింది, 20 వచ్చింది, 35 వచ్చింది.

"గేర్లు లేని స్కూటరు తీసుకో బావా, క్లచ్చి గొడవే ఉండదు" అని బావమరది సలహా ఇచ్చాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ స్కూటరుకు క్లచ్చి లేకపోయినా ఎడమవైపున వెనుక బ్రేకు ఉన్నది. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదకొండు మీటర్లు దాటిపోతుంది. నొప్పికి జంకి చేయి ఒక్క సెకను ఆలస్యం చేస్తే ఆ పదకొండు మీటర్లలో ఎవరైనా ఉండవచ్చు. పైగా రెండు చక్రాల వాహనాన్ని వేగంలో మలుపు త్రిప్పేది, మనం అనుకున్నట్లు హ్యాండిలును ఆ దిక్కుకు త్రిప్పడం వలన కాదు. ఎడమకు పోవాలంటే ఎడమవైపు హ్యాండిలును కొంచెం ముందుకు నెట్టాలి. అప్పుడు బండి ఎడమకు వాలి తిరుగుతుంది. నడిపేవారందరూ తెలియకుండానే చేసే పని ఇది. ఆ నెట్టే శక్తి లేని చేయి అడ్డువచ్చిన మనిషిని తప్పించలేదు.

చట్టమూ ఈ విషయంలో మౌనంగా లేదు. తన శారీరక స్థితి ఇతరులకు అపాయకరమని తెలిసి కూడా వాహనం నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 186వ సెక్షను ప్రకారం నేరం. కాని చాలామంది విషయంలో చట్టం కన్నా ముందు ఆకలి మాట్లాడుతుంది.

మేస్త్రీ ఇంట్లో అది సెప్టెంబరులో ఒక రాత్రి మాట్లాడింది. పాండేసరా నుండి సేటు ఫోను చేశాడు. పన్నెండు సాంచాలు ఒక్కసారిగా ఆగిపోయాయి, తెల్లవారేసరికి సరుకు వెళ్ళాలి, వెంటనే రావాలి. బావమరది రాత్రి పాళీలో ఉన్నాడు. క్యాలెండరు మీద అప్పటికి 64 ఉన్నది. పాండేసరాకు వెళ్ళడానికి అంతకు రెట్టింపు కావాలి. రాత్రి రద్దీ ఉండదు కదా అని మనస్సు నచ్చజెప్పింది. ఆయన తాళంచెవి తీసుకున్నాడు.

భార్య వారించలేదు. హెల్మెట్టు తెచ్చి చేతికిచ్చింది. "పట్టీ నువ్వే పెట్టుకో. పెట్టుకున్నవంటే నేను అడ్డం రాను" అన్నది.

హెల్మెట్టు ధరించడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1935 మే నెలలో 'అరేబియా లారెన్స్' అని ప్రసిద్ధికెక్కిన టి. ఇ. లారెన్స్, ఇంగ్లండులోని డార్సెట్‌లో మోటారు సైకిలు మీద వెళుతూ, సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలకు తగిలిన గాయంతో ఆరు రోజుల తరువాత మరణించాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరచిపోలేక, మోటారు సైకిలు ప్రమాదాలలో తలకు తగిలే గాయాలను అధ్యయనం చేసి 1941లో తన పరిశోధనను ప్రకటించాడు. నేడు కోట్లాది తలలను కాపాడుతున్న హెల్మెట్టు ప్రచారానికి అది పునాది.

కాని ఆ రాత్రి నవాగామ్‌లో హెల్మెట్టు మరొక విధంగా ఉపయోగపడింది. గడ్డం క్రింది పట్టీని బిగించడానికి రెండు చేతులు కావాలి. ఒక చేయి పట్టుకోవాలి, రెండవది నొక్కాలి. ఎడమచేతి బొటనవ్రేలు ఆ చిన్న బిగింపును నొక్కలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించాడు. మూడవసారి హెల్మెట్టు తీసి గూటిలో పెట్టి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.

ఆటో దొరికేసరికి ముప్పావు గంట గడిచింది. ఆయన చేరేసరికి వేరొక మేస్త్రీ సాంచాలను విప్పుతున్నాడు. సేటు కోపగించుకోలేదు, దారిఖర్చుకు డబ్బు కూడా ఇవ్వబోయాడు. కాని ఆ మరునాటి నుండి పాండేసరా నుండి పిలుపు రాలేదు. నాలుగు కార్ఖానాలు మూడయ్యాయి. చేయి బాగుపడిన తరువాత కూడా అవి మూడే.

ఇటువంటి నష్టాన్ని ఏ లెక్కలో వ్రాయాలో చెప్పడం కష్టం. పోయిన కూలి కనిపిస్తుంది. జరగని ప్రమాదం ఎన్నడూ కనిపించదు. ఆ రాత్రి బండి మీద వెళ్ళి ఉంటే ఏ ఆపదా లేకుండా చేరేవాడేమో. లోకం వివేకానికి బహుమతి ఇచ్చే పద్ధతి ఇంతే. చేసిన మంచికి సాక్ష్యం మిగలదు, ధర మాత్రం చెల్లించవలసి ఉంటుంది.

తల్లితో ఈ సంగతి చెప్పినప్పుడు, జీవితమంతా మగ్గం ముందు గడిపిన ఆ ముసలమ్మ నిట్టూర్చి, "తెగిన పోగు అతుకుతది కొడుకా. గని అతికినంక రెండు జానలు మెల్లగ నెయ్యాలె. లేకుంటె ఆడనే మల్ల తెగుతది" అన్నది. వైద్యులు చెప్పినదీ ఇదే. కాని తనకు తెలిసిన భాషలో వినేసరికి అది మేస్త్రీ మనస్సుకు పట్టింది.

అటు తరువాత ఆయన తొందరపడలేదు. చేతికి బలం పెంచుతూనే బండిని కూడా చేతికి అనుకూలంగా మార్చుకున్నాడు. త్రుప్పు పట్టిన క్లచ్చి తీగ తీసివేసి కొత్తది వేశాడు, నూనె పట్టించాడు, మీట వదులును సరిచేశాడు. పట్టడానికి కావలసిన బలం చాలావరకు తగ్గింది. యంత్రాలకు వైద్యం చేసే మనిషి తన చేతికీ యంత్రానికీ మధ్య ఒక రాజీ కుదిర్చాడు. క్యాలెండరు మీద 90 వచ్చింది, 150 వచ్చింది. నూట యాభై వచ్చిన నాడు హెల్మెట్టు పట్టీ కూడా ఒక్క నొక్కుకు బిగిసింది.

మొదటి రోజు తెల్లవారుజామున, వాడ నిద్ర లేవకముందు, వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాడు. రెండవ వారం ఉధనా దాకా. వైద్యుడు చేతిని వంచి చూసి, పిడికిలి బిగింపించి, సరేనన్న తరువాతనే భేస్తాన్. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాడు: చేయి పూర్తిగా నమ్మకం కలిగించే దాకా వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు. తన ప్రాణానికి తాను జామీను ఉండవచ్చు. ఇంకొకరి ప్రాణానికి, అందునా తొమ్మిదేళ్ళ కూతురి ప్రాణానికి, సగం చేయి జామీను చాలదు.

సద్దుల బతుకమ్మ నాడు లింబాయత్ వైపు తెలుగు స్త్రీలు బారులు తీరి వెళుతున్నారు. భార్య ఎత్తుగా పేర్చిన బతుకమ్మను పట్టుకుని, పిల్లలతో ఆటో ఎక్కింది. బండి తీయమని ఎవరూ ఆయనను అడగలేదు. ఆటో కదిలిన తరువాత ఆయన హెల్మెట్టు పెట్టుకుని, పట్టీ బిగించుకుని, దాని వెనుకనే మెల్లగా బయలుదేరాడు. కూతురు ఆటోలో నుండి తల బయటకు పెట్టి, "నాయినా, ఎంత వచ్చింది?" అని కేకవేసింది.

ఆయనకు చప్పున తట్టలేదు. ఆ రోజు క్లచ్చి ఎన్నిసార్లు పట్టాడో లెక్కపెట్టడమే మరచిపోయాడు.