మూడో పిన్ను జోలికి వెళ్ళొద్దు

స్పీకర్లోంచి వచ్చే "గుంయ్" అనే మోత మనలో వినని వాళ్ళుండరు. పాట ఆపేసినా అది ఆగదు. ఎవరో శ్రుతిపెట్టె ఆన్ చేసి మరిచిపోయి వెళ్ళినట్టు మోగుతూనే ఉంటుంది. లాప్‌టాప్ ఛార్జర్ పీకగానే టక్కున ఆగిపోతుంది. వెంటనే మనం తీర్పు చెప్పేస్తాం: "ఛార్జర్ పోయింది రా." కాదంటే "స్పీకర్లే డబ్బా." నిజానికి చాలాసార్లు ఆ రెండింటిలో ఏదీ పాడై ఉండదు. విడివిడిగా బాగానే ఉంటాయి, కలిపితేనే మోత పుడుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

పోయినేడాది మా తెలుగు క్లబ్ నాటికకి సౌండ్ చూసే పని నాకు పడింది. వాన, రైలు, గుడిగంట అన్నీ స్టేజి పక్కనున్న నా లాప్‌టాప్‌లోంచి రావాలి. మిక్సర్ హాలు వెనకాల ఉంది. మధ్యలో పొడుగాటి కేబుల్. నాటిక చివర్లో తల్లి ఉత్తరం చదివి, ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోతుంది. అక్కడ పది సెకన్లు పూర్తి నిశ్శబ్దం కావాలని డైరెక్టర్ పట్టు. రిహార్సల్లో ఆ పది సెకన్లూ మోతే వినపడింది.

మిక్సర్‌లో లాప్‌టాప్ ఛానల్ ఫేడర్ దించి చూస్తే మోత తగ్గింది. అంటే ఆ ఛానల్లోంచే లోపలికొస్తోంది, తర్వాత ఉన్న యాంప్లిఫయర్‌ది కాదు. ఛార్జర్ తీస్తే పూర్తిగా ఆగింది. పోనీ బ్యాటరీ మీద నడిపిద్దామంటే నా లాప్‌టాప్ అరగంటకి మించి రాదు. నాటిక 45 నిమిషాలు.

సౌండ్ సిస్టమ్ అద్దెకి తెచ్చిన అన్న నవ్వాడు. "ఇంత ఆలోచనెందుకు తమ్ముడూ? మిక్సర్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేస్తే అయిపోద్ది. ఎన్ని పెళ్ళిళ్ళకి చేశాం!"

అతను చెప్పింది నిజమే. అలా చేస్తే మోత ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో తెలిస్తే మాత్రం ఆ పని చెయ్యబుద్ధి కాదు.

నా ఛార్జర్ మూడు పిన్నులది. స్టేజి పక్కన దానికో ఎర్త్, హాలు వెనక మిక్సర్‌కి ఇంకో ఎర్త్. రెండూ చివరికి భూమిలోకే వెళ్ళినా, దారిలో ఏసీలు, కంప్యూటర్ల నుంచి కాస్తంత లీకేజీ కరెంటు వాటిల్లో పారుతుంటుంది. అందుకని రెండు చోట్లా వోల్టేజి సరిగ్గా ఒకటే ఉండదు. ఆడియో కేబుల్ షీల్డు ఆ రెండింటినీ కలిపేసరికి వలయం పూర్తయి కరెంటు పారుతుంది. ఆడియో సిగ్నల్‌కి తిరుగుదారి కూడా ఆ షీల్డే కాబట్టి మోత సిగ్నల్లో కలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కాబట్టి మోత కూడా 50, 100, 150 హెర్ట్‌జ్‌ల దగ్గరే వినిపిస్తుంది. సిగ్నల్ 300 మిల్లీవోల్టులు, మోత 3 మిల్లీవోల్టులు అనుకుందాం. తేడా 40 డెసిబెల్స్. పాట నడుస్తున్నంతసేపూ దాక్కుంటుంది, నిశ్శబ్దంలో బయటపడుతుంది.

ఎర్త్ పిన్ను తీస్తే ఆ వలయం తెగుతుంది, దాంతోపాటు మన రక్షణా పోతుంది. మిక్సర్ లోపల ఎప్పుడైనా ఫేజు వైరు ఊడి బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు అటు పారి ఫ్యూజు కొట్టేస్తుంది. లేకపోతే ఆ 230 వోల్టులు షీల్డు మీదుగా మైకు దాకా రావచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్లీ హార్వే, ఎర్త్ సరిగా లేని మైకు తాకి స్టేజి మీదే షాక్ కొట్టి చనిపోయాడు. మా నాటికలో తల్లి వేషం వేసిన ఫస్టియర్ అమ్మాయి ఒట్టి కాళ్ళతో నిలబడి, చేత్తో ఇనుప మైకు పట్టుకోవాలి.

"వద్దన్నా" అన్నాను. "ఇన్నేళ్ళలో ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. వైరు ఊడని రోజున ఎర్త్ ఉన్నా లేకపోయినా ఎవరికీ తేడా తెలియదు మరి.

నా లాప్‌టాప్ తీసుకెళ్ళి మిక్సర్ పక్కనే పెట్టాను. ఛార్జర్, మిక్సర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి, చిన్న కేబుల్ వేశాం. మోత చాలావరకు పోయింది. మిగిలిన కాస్తకీ ఈసీఈ సీనియర్ దగ్గర గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరికింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే. రెండు చుట్లకీ మధ్య తీగ కలవదు, శబ్దం అయస్కాంత క్షేత్రం గుండా దాటుతుంది. ఇంటర్లో మార్కుల కోసం బట్టీపట్టిన మ్యూచువల్ ఇండక్షన్ ఇదే. చవక రకం కావడంతో రైలు శబ్దంలో గంభీరం కొంచెం తగ్గింది. డైరెక్టర్ దానికి ఒప్పుకుంది. ఆ పది సెకన్లలో హాల్లో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే వినపడింది.

హాస్టల్లో మీకు ఇలాంటి మోత వస్తే ముందు ఛార్జర్ తీసి చూడండి. ఆగితే గ్రౌండ్ లూప్ అని అనుమానించొచ్చు. ఇన్‌పుట్ కేబుల్ పూర్తిగా పీకేసినా మోగుతుంటే స్పీకర్ లోపలి పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ని అనుమానించాలి. మౌస్ కదిపినప్పుడల్లా "కీచ్" మని మారుతుంటే అది కంప్యూటర్ లోపలి నాయిసు, బ్లూటూత్‌కి మారి చూడండి.

ఒక్కసారి ఏదైనా మూడు పిన్నుల ప్లగ్గుని చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. గుచ్చేటప్పుడు అది ముందు తగలాలని, తీసేటప్పుడు చివర వదలాలని అలా చేశారు. మీ రూమ్మేట్ దాన్ని రెండు పిన్నుల కన్వర్టర్లో పెట్టి "చూశావా, మోత పోయింది" అంటే ఆ కన్వర్టర్ తీయించండి. ఐసోలేటర్ కొన్ని వందల్లో దొరుకుతుంది. రూములో నలుగురూ తలో కొంచెం వేసుకుంటే సరిపోతుంది.