సర్వర్ లెక్క, కౌంటర్ దగ్గర

వేములఘాట్ జనాన్ని కలవాలంటే ఇప్పుడు తొగుట దారి పట్టి లాభం లేదు. ఊరు మల్లన్నసాగర్ జలాశయంలో మునిగింది. 2016లో భూములు ఇవ్వబోమంటూ దీక్షలకు కూర్చున్నవాళ్లు ఇప్పుడు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీలో ఉంటున్నారు. నేను చూడబోయింది వాళ్లు కాగితాలు పట్టుకొచ్చే ఓ ఆన్‌లైన్ సెంటర్‌ని. ఏదో దరఖాస్తుకు మర్నాడే ఆఖరు తేదీ కావడంతో అరుగు నిండా జనం.

"జర ఆగవ్వా, సర్వర్ బిజీ అంటున్నది" అన్నాడు సెంటర్ పిల్లగాడు. ఒకే దరఖాస్తును మూడు ట్యాబుల్లో తెరిచాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఐదు సెకన్లు చూసి, పేజీని మళ్లీ రప్పించే ఎఫ్5 నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "ఏదో ఒకటి పోతది సార్" అన్నాడు నాతో. చివరికి ఓటీపీ కదిలింది. అవ్వ ఇచ్చిన నంబరు కొడుకుది, అతను హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేసి, అంకెలు చెప్పించుకుని కొట్టేలోగా గడువు దాటింది. కథ మళ్లీ మొదటికి.

సర్వర్ సామర్థ్యం అంచనా వేసేవాళ్ల లెక్క కాగితం మీద చక్కగానే ఉంటుంది. ఉదాహరణకు ఒక్క దరఖాస్తు పూర్తవడానికి పేజీలు, ఓటీపీ, పత్రాల అప్‌లోడ్, అన్నీ కలిపి సర్వర్‌ను 12 సార్లు పలకరించాలనుకుందాం. ఒక్కో పలకరింపుకు పావు సెకను పడుతుంది, ఒకేసారి 40 మందికి బదులివ్వగలదు. అంటే సెకనుకు 160 పలకరింపులు, గంటకు 48 వేల దరఖాస్తులు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం కూడా ఇదే చెబుతుంది: సెకనుకు వచ్చేవాళ్లను ఒక్కొక్కరు లోపల ఉండే సమయంతో గుణిస్తే, ఏ క్షణానికైనా సగటున లోపల ఎందరున్నారో తేలుతుంది.

అయితే ఈ 48 వేలల్లో మన పిల్లగాడి ఎఫ్5 లేదు. అతను వదిలేసిన పాత అభ్యర్థనను చాలా సర్వర్లు ఆపవు, చివరిదాకా చేసి జవాబు తయారుచేస్తాయి, తీసుకునేవాడు ఉండడంతే. ప్రతి కౌంటర్‌లోనూ ప్రతి పనికీ మూడేసి సార్లు నొక్కితే అసలు పని 16 వేలకు పడిపోతుంది. ఆలస్యం పెరిగేకొద్దీ నొక్కుళ్లు పెరుగుతాయి, నొక్కుళ్లతో ఆలస్యం ఇంకా పెరుగుతుంది. పైగా నిండేదాకా సర్వర్ నిమ్మళంగా ఉండదు. రాకలూ, పని సమయాలూ ఓ క్రమం లేకుండా ఉండే ఒంటి క్యూలో, తొంభై శాతం నిండితే సగటున పని సమయానికి పది రెట్లు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు అరవై, డెబ్బై శాతం దగ్గరే గీత గీస్తారు.

రోజు మొత్తానికి ఎందరొస్తారన్నదీ అంతగా పనికొచ్చే అంకె కాదు. మల్లన్నసాగర్‌లో యాభై టీఎంసీలు పడతాయని ఈ కాలనీలో అందరికీ తెలుసు, కానీ తూము ఎన్ని క్యూసెక్కులు వదులుతుందన్నది వేరే అంకె. సర్వర్‌కు కావలసింది ఆ రెండోది. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం నాలుగింటికి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కోవిడ్ టీకా నమోదు తెరిచినప్పుడు కోవిన్ పోర్టల్‌కు మొదట్లో నిమిషానికి 27 లక్షల హిట్లు వచ్చాయని అప్పట్లో ప్రకటించారు. అంటే సెకనుకు 45 వేలు. చాలామందికి కాసేపు తెర తెరుచుకోలేదు, అయినా ఆ రోజే కోటి మందికి పైగా నమోదయ్యారు.

జేమీటర్ లాంటి సాధనాలతో ముందే ఉత్తుత్తి రద్దీ సృష్టించి పరీక్షిస్తారు, మంచిదే. కానీ ఆ పరీక్షలో ఉత్తుత్తి మనుషులు ఓపికగా ఒక్కసారే నొక్కుతారు. హైదరాబాద్ ఇంజినీర్లు ఆఖరు తేదీ నాడు ఇలాంటి బెంచీ మీద ఒక పూట కూర్చుంటే లెక్క మారుతుందని నా నమ్మకం.

సెంటర్ పిల్లగాడు తన లెక్క ఎప్పుడో మార్చుకున్నాడు. పగలు కాగితాలు తీసుకుని, ఫొటోల సైజు తగ్గించి పెట్టుకుంటాడు. ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గరుందో ముందే రాసుకుంటాడు. పొద్దుగాల ఐదింటికి లేచి ఎక్కిస్తాడు. "అప్పుడు ఒక్క నొక్కుకే పోతది సార్. మండలానికో ఆఖరు తేదీ పెడితే ఏమైతది?" అని అడిగాడు.