డ్వింగెలోలో పునర్జన్మ పొందిన దూరదర్శిని

నెదర్లాండ్స్ అనగానే మనకు స్ఫురించేవి గాలిమరలు, తులిప్ పూలతోటలు, సముద్రాన్ని నిలువరించిన కరకట్టలు. యాత్రికులలో పెక్కుమంది ఆమ్‌స్టర్‌డామ్ కాలువలలో పడవ విహారం ముగించుకొని, దేశమంతా చూసిన తృప్తితో తిరుగు ప్రయాణమవుతారు. ఈశాన్యాన ఉన్న డ్రెంతె రాష్ట్రం వైపు వెళ్లేవారు అరుదు. రేడియో పరికరాల నడుమ ఉద్యోగ జీవితం గడుపుతున్న మాకు మాత్రం ఆ రాష్ట్రంలోని డ్వింగెలో అనే చిన్న గ్రామం ఎంతో కాలంగా చూడగోరిన క్షేత్రం.

ఆమ్‌స్టర్‌డామ్ నుండి జ్వోల్లె మీదుగా రైలులో హోగెవేన్ చేరి, అక్కడి నుండి రోడ్డు మార్గాన డ్వింగెల్డర్‌వెల్డ్ జాతీయ వనంలో ప్రవేశించాము. కనుచూపు మేర హీదర్ పొదలతో నిండిన తడి మైదానం, నడుమ నడుమ నీటి మడుగులు, గొర్రెల మందలు. ఆగస్టు మాసంలో ఈ పొదలన్నీ ఊదారంగు పూలతో నిండి తివాచీ పరచినట్లుంటాయి. జనసంచారం స్వల్పం, విద్యుత్ యంత్రాల రొద ఇంకా స్వల్పం. ఆకాశం నుండి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను వినదలచినవారికి ఈ నిశ్శబ్దమే పెన్నిధి. ఆ మైదానం అంచున, చెట్ల నడుమ ఇనుప గూడుపై నిలిచిన 25 మీటర్ల వ్యాసం గల డిష్ యాంటెన్నా దర్శనమిచ్చింది.

దీని చరిత్ర ఘనమైనది. విశ్వమంతటా వ్యాపించిన హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో రేడియో సంకేతాన్ని వెలువరిస్తుందని 1944లో వాన్ డి హుల్స్ట్ అనే డచ్ శాస్త్రవేత్త ఊహించాడు. ఆ సంకేతం ఆధారంగా మన పాలపుంత స్వరూపాన్ని చిత్రించే సంకల్పంతో ఈ దూరదర్శినిని నిర్మించారు. 1956 ఏప్రిల్ 17న జూలియానా రాణి దీనిని ప్రారంభించింది. మరుసటి సంవత్సరం ఇంగ్లండులో జోడ్రెల్ బ్యాంక్ దూరదర్శిని వచ్చేవరకు ప్రపంచంలో ఈ తరహా వాటిలో ఇదే పెద్దది. పాలపుంత ధూళి వెనుక దాగి ఉన్న ఒక నక్షత్రమండలాన్ని 1994లో ఇది కనుగొనగా, దానికి ఈ గ్రామం పేరే పెట్టారు.

కాని యంత్రాలకూ వార్ధక్యం తప్పదు. ఇంకా పెద్ద, అధునాతనమైన పరికరాలు రావడంతో ఇరవయ్యో శతాబ్దం ముగిసేసరికి దీనికి విశ్రాంతి ఇచ్చారు. ఇనుము తుప్పు పట్టసాగింది. ఆ దశలో ముందుకు వచ్చినవారు ప్రభుత్వాధికారులు కారు, ధనవంతులు కారు. ఆ ప్రాంతపు రేడియో ఔత్సాహికులు, ఖగోళాభిమానులు, ఇంజనీర్లు. 2007లో వారు కామ్రాస్ అనే సంస్థను స్థాపించుకొన్నారు. 2009లో ఈ దూరదర్శిని జాతీయ స్మారక చిహ్నంగా గుర్తింపు పొందింది. 2012లో భారీ క్రేన్‌తో డిష్‌ను క్రిందికి దించి, మరమ్మతు చేసి, తిరిగి పైకెత్తారు. 2014లో అది మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది.

ఇనుము బాగుపడినంత మాత్రాన యంత్రం పలుకదు. పూర్వం ఒక్కొక్క పౌనఃపున్యానికి, ఒక్కొక్క పనికి వేరు వేరు రిసీవర్లు కావలసి వచ్చేవి. ఇప్పుడు యాంటెన్నా నుండి వచ్చిన సంకేతాన్ని కొంత బలపరచి, వెంటనే అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందిస్తారు. కోరిన స్టేషన్‌ను ఎంచుకోవడం, రొదను వడకట్టడం, సందేశాన్ని విప్పడం - అన్నీ ప్రోగ్రాములే చేస్తాయి. దీనినే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అంటారు. ప్రోగ్రాము మార్చితే అదే పెట్టె మరొక రేడియో అవుతుంది. 2001లో ఆరంభమైన గ్నూ రేడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వలన ఈ విద్య సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇంటర్నెట్ ద్వారా ఎందరో ఒకేసారి ఒకే రిసీవరును తమకు నచ్చిన రీతిలో వినగల వెబ్ఎస్‌డీఆర్ విధానానికి బీజం పడింది కూడా ఈ డిష్ కోసమే.

డిష్ క్రింద ఉన్న పరిశీలన గది చిన్నది. డిష్ దిశ మారినప్పుడు గదీ పట్టాలపై దానితోపాటే తిరుగుతుంది. కిటికీలో చెట్లు మెల్లగా జరిగిపోతూ ఉంటే మాకు ఓడలో కూర్చున్నట్లనిపించింది. ఇక్కడి నుండి చంద్రుని వైపు పంపిన మాట అతని ఉపరితలాన్ని తాకి సుమారు రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది.

వారి విజయాలలో రెండింటిని పేర్కొనక తప్పదు. చంద్రుని చుట్టూ తిరుగుతున్న లాంగ్‌జియాంగ్-2 అనే చిన్న చైనా ఉపగ్రహంలో హార్బిన్ విద్యార్థులు రూపొందించిన కెమెరా ఉండేది. 2019 ఫిబ్రవరిలో అది తీసిన చిత్రం డ్వింగెలోకు అందింది. ఆదేశం పంపినది జర్మనీలోని ఒక ఔత్సాహికుడు. చంద్రుని ఆవలి ముఖం, దాని వెనుక నీలి భూమి ఒకే చిత్రంలో! చిత్రం పరిమాణం కేవలం 16 కిలోబైట్లు. అది దిగిరావడానికి పట్టిన కాలం సుమారు ఇరవై నిమిషాలు. ఇక 2024 చివరలో, దాదాపు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న వాయేజర్-1 సంకేతాన్ని సైతం వీరు పట్టుకొన్నారు. డిష్ జల్లెడ అంత హెచ్చు పౌనఃపున్యానికి ఉద్దేశించినది కాదు. అయినా కొత్త యాంటెన్నా అమర్చి, భూమి, వాయేజర్‌ల చలనం వలన కలిగే డాప్లర్ మార్పును లెక్కలతో సవరించగా, రొదలో మునిగి ఉన్న సన్నని గీత తెరపై తేలింది.

యాంటెన్నాల విషయంలో మన దేశం ఎవరికీ తీసిపోదు. పుణె సమీపాన ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్నాయి. బెంగళూరు వద్ద బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెన్నాను హైదరాబాదుకు చెందిన ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ నిర్మించింది. 2008లో అది చంద్రయాన్-1తో సంభాషించింది. కాని కాలం తీరిన పరికరాన్ని మనం సాధారణంగా కండెమ్ చేసి, వేలంలో తుక్కు క్రింద అమ్ముతాము. దానిని ముప్పై ఏళ్లు నడిపిన సహోద్యోగికి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి సాగనంపుతాము. ఆ యంత్రం ఏ వేళ ఎలా మొరాయిస్తుందో ఎరిగిన జ్ఞానం ఆయనతోపాటే గేటు దాటిపోతుంది.

డ్వింగెలోలో వృద్ధ ఇంజనీరుకు గేర్ల చప్పుడు తెలుసు, యువకునికి ప్రోగ్రాము తెలుసు. ఒకరు లేకుంటే డిష్ కదలదు, మరొకరు లేకుంటే కదిలినా వినదు. మన యూనిట్లలోనూ ఒక పాత యాంటెన్నా, ఒక కంప్యూటరు, ఆదివారం ఉదయం తెరచి ఉంచే ఒక గది లభిస్తే, విశ్రాంత ఉద్యోగులకు, మన పిల్లలకు అటువంటి చెలిమి కలుగకపోదు. తదుపరి వేలం జాబితాపై సంతకం పడేలోగా ఈ విషయాన్ని సంబంధిత అధికారులు ఒక్కసారి ఆలోచించగలరని ఆశిస్తున్నాము.